పైసలలో దాచుకున్న చరిత్ర

ప్రభుత్వం పేదవాడి చేతికి నేరుగా ఇచ్చే కాగితాలు చాలా తక్కువ. పట్టా అందరికీ ఉండదు. కరెన్సీ నోటు వచ్చినా నిలవదు. రేషను కార్డును ఎప్పుడైనా వెనక్కి అడగవచ్చు. తపాలా బిళ్ళ ఒక్కటే ఇందుకు భిన్నం. ధర చెల్లించి కొంటాం, ఉత్తరానికి అంటిస్తాం, ఉత్తరం చేరగానే దాని పని తీరిపోతుంది. తరువాత దానిని ఎవరూ అడగరు. దాని మీద పాలకుడు ఎంచుకున్న బొమ్మ ఉంటుంది, ప్రజల నుంచి వసూలు చేసిన ధర ఉంటుంది, నల్లటి ముద్రలో ఊరూ తేదీ ఉంటాయి. రాజ్యం తనను తాను ఎలా చూపించుకోదలచిందో, అందుకు ఎంత పుచ్చుకుందో, ఏనాడు ఏ ఊళ్ళో పుచ్చుకుందో, ఈ మూడూ అంగుళం కాగితంలో ఇమిడిపోతాయి.

ఈ బిళ్ళలను పోగుచేయడం రాజుల వినోదమని లోకంలో ఒక పేరుంది. తరువాత ఐదవ జార్జి చక్రవర్తి అయిన వేల్స్ యువరాజు 1904లో మారిషస్ రెండు పెన్నీల బిళ్ళను 1,450 పౌండ్లు పోసి కొన్నాడు. బ్రిటిష్ గయానా ఒక సెంటు బిళ్ళ 2014లో న్యూయార్క్ వేలంలో 94 లక్షల డాలర్లకు పైగా పలికింది. పత్రికలకు ఎక్కేవి ఇలాంటి వార్తలే. కానీ లోకంలోని స్టాంపు ఆల్బములలో అత్యధిక భాగం చేతిలో డబ్బు లేనివారు నింపినవే. చిరిగిన కవర్ల మూలలు కత్తిరించి, నీళ్ళలో నానబెట్టి, పాత పుస్తకాల మధ్య ఆరబెట్టి, మైదా జిగురుతోనో సన్నటి కాగితపు పట్టీతోనో నోటు పుస్తకంలో అంటించుకున్నవారి సేకరణలవి. రాజు దాచినది అరుదైన పొరపాట్లను. పేదవాడు దాచినది అందరూ వాడినవాటిని. చరిత్రకు ఏది ఎక్కువ అక్కరకు వస్తుందన్నదే ఈ వ్యాసంలోని ప్రశ్న.

ఏరు దాటితే మరో ప్రభుత్వం

ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన, నేటి సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో మరైగూడ ఉంది. ఒకప్పుడది బస్తర్ సంస్థానపు సీమ. దానికి ఆనుకుని ఉన్న భద్రాచలం తాలూకా 1874లో మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. గోదావరికి ఆవలి ఒడ్డున బూర్గంపాడు నిజాం రాజ్యంలోనిది. అంటే బస్తర్, మద్రాసు, హైదరాబాదు అనే మూడు పాలనలు ఇక్కడ ఒకదానికొకటి నడక దూరంలో ఉండేవి. మాటలు, సంతలు, వియ్యాలు మాత్రం ఈ గీతలను పట్టించుకోలేదు.

తపాలా బిళ్ళ పట్టించుకుంది. బస్తర్ సంస్థానానికి సొంత తపాలా బిళ్ళలు లేవు. ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలోనిదే అయిన నంద్‌గావ్ సంస్థానం బస్తర్ కంటే ఎంతో చిన్నది. అయినా 1891లో తన బిళ్ళలు తాను వేసుకుంది. విస్తీర్ణంలో పెద్దదైన బస్తర్‌కు ఆ ఉనికి దక్కలేదు. హైదరాబాదు సంగతి వేరు. 1869లోనే అణా బిళ్ళ తెచ్చింది. 1871 నుంచి వచ్చిన వరుసలో విలువను ఉర్దూ, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ మరాఠీలోనూ ముద్రించింది. తెలుగువారిని పాలించిన ప్రభుత్వం తెలుగు అక్షరాన్ని తపాలా బిళ్ళ మీదికి ఎక్కించిన తొలినాళ్ళ సందర్భాలలో ఇది ఒకటి. స్వతంత్ర భారతంలో తపాలా బిళ్ళ మీద హిందీ, ఇంగ్లీషులకే నియమిత స్థానం దక్కిందని గుర్తు చేసుకుంటే, ఆ చిన్న అక్షరాల విలువ తెలుస్తుంది.

సంస్థానాల బిళ్ళలకు సంస్థానపు సరిహద్దే హద్దు. నిజాం బిళ్ళ అంటించిన ఉత్తరం బ్రిటిష్ ఇండియాకు చేరాలంటే బ్రిటిష్ బిళ్ళ కూడా ఉండాలి. నాణెం కూడా వేరే. ఏడు హాలీ సిక్కా రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానంగా చెలామణి అయ్యేవి. కనుక బూర్గంపాడులో పుట్టిన బిళ్ళ భద్రాచలం చేరాలంటే ఉత్తరం కంటే మనిషి చెయ్యే దగ్గరి దారి. సంతకు వచ్చిన వర్తకుడి సంచిలోనో, చుట్టపుచూపుగా వచ్చిన బంధువు జేబులోనో గోదావరి దాటాలి. పైసా ఖర్చు లేకుండా విదేశీ బిళ్ళ సంపాదించడానికి పడవ ప్రయాణపు దూరం చాలిన సీమ అది. లండన్‌లో సేకర్త కేటలాగు చూసి కొనవలసినదాన్ని ఇక్కడివాడు అడిగి పుచ్చుకోగలడు.

అణా భవనం, రెండణాల భవనం

కరువు రోజుల చరిత్రను తపాలా బిళ్ళలో చదవాలంటే 1931ని మించిన సంవత్సరం లేదు. 1929లో మొదలైన ప్రపంచ మాంద్యం అప్పటికి తెలుగు పల్లెల దాకా వచ్చింది. ధాన్యం ధరలు కుప్పకూలాయి. శిస్తు మాత్రం తగ్గలేదు. గోదావరి, కృష్ణా డెల్టాలలో శిస్తు పెంపుకు వ్యతిరేకంగా రైతులు సభలు పెడుతున్న కాలమది. అప్పు అదే, పంట అదే, ధర మాత్రం సగం.

సరిగ్గా ఆ ఏడాది ఫిబ్రవరిలో కొత్త ఢిల్లీ ప్రారంభోత్సవం జరిగింది. ఆ సందర్భంగా బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం ఆరు బొమ్మల బిళ్ళలు విడుదల చేసింది. కాలణా బిళ్ళ మీద పురానా ఖిలా, అర్ధణా మీద యుద్ధ స్మారక తోరణం, అణా మీద శాసనసభ సమావేశమయ్యే కౌన్సిల్ హౌస్, రెండణాల మీద వైస్రాయి భవనం, మూడణాల మీద సచివాలయం, రూపాయి మీద డొమినియన్ స్తంభాలు. ఆరింటినీ కొనాలంటే 1 రూపాయి 6 అణాల 9 పైసలు కావాలి. దినకూలీని అణాలలో లెక్కపెట్టుకునే దేశంలో, రాజధాని వైభవాన్ని చూడడానికి ఇది సామాన్యుడు చెల్లించగల ధర కాదు. అతనికి అందినవి కాలణా, అర్ధణా, అణా బిళ్ళలే. అవైనా ఎవరో రాసిన ఉత్తరం మీద వచ్చినవే.

అదే ఏడాది నిజాం ప్రభుత్వమూ బొమ్మల బిళ్ళలు తెచ్చింది. అణాకు చార్మినార్, రెండణాలకు హైకోర్టు, నాలుగణాలకు ఉస్మాన్ సాగర్, ఎనిమిదణాలకు అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాలకు బీదర్ మదర్సా, రూపాయికి దౌలతాబాద్ విజయస్తంభం. 4 పైసలు, 8 పైసల బిళ్ళలను కలుపుకుంటే మొత్తం వరుస ఖరీదు 2 రూపాయల 12 అణాలు. మాంద్యపు నడిబొడ్డున రెండు ప్రభుత్వాలూ భవనాలనే చూపించుకున్నాయి. పొలాన్ని ఎవరూ చూపించలేదు.

ఆ తరువాతి కథ రాజకీయ విద్యార్థులు మరచిపోకూడనిది. 1931 సెప్టెంబరులో ఆర్థిక సభ్యుడు సర్ జార్జ్ షుస్టర్ అనుబంధ బడ్జెట్టు తెచ్చాడు. ఖజానా లోటు పూడ్చడానికి పన్నుల మీద అదనపు భారం వేయడంతో పాటు తపాలా రేట్లు పెంచాలన్నాడు. ఉత్తరానికి అణా ఉన్నది అణా మూడు పైసలు, పోస్టుకార్డుకు అర్ధణా ఉన్నది 9 పైసలు. ధాన్యం ధర సగమైన రోజులలో కార్డు ధర ఒకటిన్నర రెట్లు కావాలన్న మాట. కేంద్ర శాసనసభ అంగీకరించలేదు. వైస్రాయి విల్లింగ్డన్ తన ప్రత్యేకాధికారంతో ఆ బిల్లును ధ్రువీకరించి చట్టం చేశాడు. డిసెంబరులో కొత్త రేట్లు అమలులోకి వచ్చాయి.

ఇప్పుడు ఫిబ్రవరి నాటి బిళ్ళలను మరోసారి చూడండి. అణా బిళ్ళ మీది భవనం కాదన్నదాన్ని రెండణాల బిళ్ళ మీది భవనం ఔనంది. ఫిబ్రవరిలో శాసనసభ బొమ్మతో ఉన్న అణా బిళ్ళ ఒక్కటి అంటిస్తే ఉత్తరం దేశమంతా తిరిగేది. డిసెంబరుకు అది చాలలేదు, పక్కన ఇంకో కాలణా అంటించవలసి వచ్చింది. వలస పాలనలోని శాసనసభ అధికారం ఎంతటిదో వివరించడానికి ఇంతకంటే మంచి పటం నాకు కనిపించలేదు. ఈ పటాన్ని గీసిన బిళ్ళలలో అరుదైనది ఏదీ లేదు. అణా బిళ్ళ, దాని పక్కన కాలణా బిళ్ళ, మీద డిసెంబరు ముద్ర. రాజుగారి సంపుటాలలో ఈ జంటకు విలువ ఉండకపోవచ్చు. చింపిన కవరును పారేయకుండా దాచుకున్నవాడి దగ్గర మాత్రం ఇదొక రాజకీయ దస్తావేజు.

పోస్టుకార్డు కథ ఇంకా సూటిగా ఉంటుంది. 1879లో మన దేశంలో అది పుట్టినప్పుడు ధర కాలణా, అంటే 3 పైసలు. 1922లో అర్ధణా, 1931లో 9 పైసలు. వేరు వేరు ఏళ్ళ మూడు కార్డులను పక్కపక్కన పెడితే చాలు, వలస ఖజానా పేదవాడి పలకరింపు మీద ఎలా ఆధారపడిందో పిల్లలకు సైతం అర్థమవుతుంది.

కష్టకాలం ముద్రించిన కాగితాలు

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. అమెరికాలో మాంద్యం ముదిరిన 1932 జూలైలో ఉత్తరం ధర 2 సెంట్ల నుంచి 3 సెంట్లకు పెరిగింది. మరుసటి ఏడాది అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ చిన్ననాటి నుంచీ స్టాంపులు సేకరించినవాడు. ఆయన పోస్టుమాస్టర్ జనరల్ జేమ్స్ ఫార్లీ, అంచులకు రంధ్రాలు వేయని, జిగురు పూయని షీట్లను అచ్చు యంత్రం నుంచి నేరుగా తెచ్చి అధ్యక్షుడికీ కొందరు పెద్దలకూ కానుకలుగా ఇచ్చాడు. అవి బయటపడేసరికి సామాన్య సేకర్తలు మండిపడ్డారు. అంగడిలో దొరకనిది అధికారంలో ఉన్నవారికి దొరకడమేమిటని నిలదీశారు. చివరకు 1935లో ఆ షీట్లనే మళ్ళీ అచ్చు వేసి అందరికీ అమ్మవలసి వచ్చింది. వాటికి జనం పెట్టిన పేరు ‘ఫార్లీ వెర్రి పనులు’. నిరుద్యోగం తాండవిస్తున్న దేశంలో మూడు సెంట్ల కాగితం మీద ఇంత గొడవ దేనికని అప్పుడూ కొందరు అనుకుని ఉంటారు. గొడవ కాగితం గురించి కాదు. ప్రభుత్వపు అంగట్లో అందరూ ఒకే వరుసలో నిలబడాలా వద్దా అన్నదాని గురించి.

జర్మనీ అనుభవం మరీ విచిత్రమైనది. 1923లో ద్రవ్యోల్బణం ఎంత వేగంగా ఎగసిందంటే, కొత్త బిళ్ళలు అచ్చు వేసేలోగా ధర మారిపోయేది. పాత బిళ్ళల మీదనే కొత్త అంకెలు గుద్దేవారు. చివరికి 5,000 కోట్ల మార్కుల విలువ గల బిళ్ళ వచ్చింది. ఒక జాతి మధ్యతరగతి జీవితకాలపు పొదుపును మింగేసిన ఆ అంకెలున్న బిళ్ళలలో చాలాభాగం ఈనాటికీ అత్యంత చవకగా దొరుకుతాయి. ఎందుకంటే లెక్కకు మించి అచ్చయ్యాయి. అందులోనూ వాడనివి చవక, నిజంగా ఉత్తరం మీద ప్రయాణించి ఆ రోజుల ముద్ర వేయించుకున్నవి ఖరీదు. అందుకే దొంగ ముద్రలు కూడా పుట్టాయి. బిళ్ళకు విలువ వచ్చింది బొమ్మ వల్ల కాదు, ఒక మనిషి ఆ కష్టకాలంలో మరో మనిషికి రాసినందువల్ల.

తక్కువ డబ్బుతో సేకరించేవాడికి ఇక్కడొక సూత్రం దొరుకుతుంది. సంపన్న కాలాలు అరుదైన వస్తువులను మిగులుస్తాయి. కష్టకాలాలు విస్తారమైన సాక్ష్యాన్ని మిగులుస్తాయి. అందరికీ తప్పనిసరి అయినదే అందరికీ చవకగా దొరుకుతుంది.

గాంధీ బిళ్ళ, శరణార్థి బిళ్ళ

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఈ సూత్రం మారలేదు. 1948 ఆగస్టు 15న గాంధీ స్మారకంగా నాలుగు బిళ్ళలు వచ్చాయి. ఒకటిన్నర అణా, మూడున్నర అణాలు, పన్నెండణాలు, పది రూపాయలు. అచ్చు వేసింది స్విట్జర్లాండ్‌లోని కూర్వాజియే సంస్థ. మూడో తరగతి పెట్టెలో ప్రయాణించిన మనిషి బొమ్మతో పది రూపాయల బిళ్ళ! ఆ ఒక్క బిళ్ళ ఖరీదుతో ఒకటిన్నర అణా ఉత్తరాలు నూటికి పైగా రాయవచ్చు. స్వదేశీ బోధించినవాడిని విదేశీ అచ్చులో గౌరవించడంలోని వైరుధ్యం గురించి చాలామంది రాశారు. ధరలోని వైరుధ్యం అంతకంటే పెద్దది. నేడు వేలంలో లక్షల కెక్కేవి ఆ పది రూపాయల బిళ్ళలోని కొన్ని రకాలే. ప్రజలు గాంధీని ఇంటికి తెచ్చుకున్నది మాత్రం ఒకటిన్నర అణా బిళ్ళ రూపంలో.

1950 ఏప్రిల్ 1న హైదరాబాదు తపాలా భారత తపాలాలో కలిసిపోయింది. అంతకు మూడేళ్ళ ముందు, 1947లో, వరంగల్ కోటలోని కాకతీయ తోరణం నిజాం మూడణాల బిళ్ళ మీదికి ఎక్కింది. తెలుగు రాజుల గుర్తుకు ఆ ప్రభుత్వపు చివరి రోజులలో దక్కిన చోటు అది. బస్తర్ 1948 జనవరి 1న మధ్య పరగణాలలో విలీనమైంది. బూర్గంపాడు, భద్రాచలం, కోంటా కవర్ల మీద ఒకే బిళ్ళ కనిపించే రోజు అలా వచ్చింది. 1957 ఏప్రిల్‌లో అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. భారతదేశ పటం ముద్రించిన ఆ తొలి నయాపైసల బిళ్ళలు నేటికీ పది మంది పాత కవర్లు గాలిస్తే దొరుకుతాయి.

ఆ తరువాతి పెద్ద కష్టకాలపు సాక్ష్యం 1971ది. తూర్పు బెంగాల్ నుంచి దాదాపు కోటి మంది శరణార్థులు వచ్చిపడినప్పుడు, వారి పోషణ కోసం నవంబరు 15 నుంచి తపాలా మీద 5 పైసల అదనపు పన్ను వేశారు. ప్రత్యేకమైన బిళ్ళ సిద్ధమయ్యేలోగా, అప్పటికే వాడుకలో ఉన్న 5 పైసల కుటుంబ నియంత్రణ బిళ్ళ మీద శరణార్థి సహాయమని అదనపు అక్షరాలు గుద్దారు. ఒకే బిళ్ళ మీద రెండు ప్రభుత్వ ఆందోళనలు. పిల్లలు తక్కువగా ఉండాలన్న బోధ, వచ్చినవారికి అన్నం పెట్టాలన్న బాధ్యత. 1973 మార్చి ఆఖరు దాకా ఆ పన్ను సాగింది. ఆ ఏళ్ళ కుటుంబ ఉత్తరాల కట్టలు విప్పితే పెళ్ళి కబురు మీద, ఉద్యోగం దరఖాస్తు మీద, మనియార్డరు అందిందన్న జాబు మీద ఆ ఐదు పైసల బిళ్ళ కనిపిస్తుంది. బంగ్లాదేశ్ యుద్ధం గురించి ఢిల్లీలో ఎవరేమన్నారో గ్రంథాలున్నాయి. దాని ఖర్చును ఈ దేశపు సామాన్యుడు ఉత్తరానికి ఐదేసి పైసల చొప్పున మోశాడన్న దానికి ఈ చిన్న బిళ్ళే రశీదు.

బొమ్మలో ఉన్నవారు, ఆల్బములో లేనివారు

1981 మే 30న తపాలా శాఖ దేశంలోని గిరిజనుల మీద నాలుగు రూపాయి బిళ్ళలు విడుదల చేసింది. భిల్లులు, తోడాలు, ఖియామ్‌నిగాన్ నాగాలతో పాటు అందులో బస్తర్‌కు చెందిన దండామి మరియాలున్నారు. సొంత బిళ్ళ లేని సంస్థానపు మనుషులు అలా దేశపు బిళ్ళ మీదికి ఎక్కారు. పోస్టుకార్డు 15 పైసలున్న రోజులలో ఆ ఒక్క బిళ్ళ ధర ఆరు కార్డుల ఖరీదు. బస్తర్ అడవిలో కార్డు రాయించుకునేవాడికి తన బొమ్మ కొనుక్కోవడం భారమే.

ఈ ప్రాంతం పేరు ఆ తరువాత దేశపు పత్రికలకు ఎక్కింది వేరే కారణాలతో. 2005లో సల్వా జుడుం మొదలయ్యాక ఇక్కడి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వేలమంది ఆదివాసులు సరిహద్దు దాటి ఖమ్మం, గోదావరి జిల్లాల అడవులకు చేరారు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ ఏర్పాటును రాజ్యాంగ విరుద్ధమన్నది. ఊరు మారినవాడికి మొదట పోయేది చిరునామా. చిరునామా లేనివాడికి ఉత్తరం రాదు. ఉత్తరం రానివాడికి బిళ్ళ రాదు. సేకరణ అన్నది ఇంతకాలమూ మనం విలాసమా, పొదుపా అని చర్చించుకున్నాం. అంతకు ముందు మెట్టు ఒకటుంది, రాజ్యం ఒక మనిషిని అతని పేరుతో, ఊరుతో వెతుక్కుంటూ రావడం. 1937లో ఆరవ జార్జి బొమ్మతో వచ్చిన రెండణాల బిళ్ళ మీద ఈటె పట్టుకుని పరుగెత్తే డాక్ రన్నర్ ఉన్నాడు. అడవిలోకి తుపాకీ లేకుండా వెళ్ళిన ప్రభుత్వం అతనే.

ఇప్పుడు ఆ బిళ్ళే కనుమరుగవుతోంది. కౌంటరులో అంటించేది బార్‌కోడు చీటీ. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. మరోవైపు సేకర్తల కోసమే వేసే బిళ్ళలు, పొట్టి షీట్లు పెరుగుతున్నాయి. 2011లో మొదలైన ‘మై స్టాంప్’ పథకంలో 5 రూపాయల బిళ్ళలు పన్నెండింటి షీటు 300 రూపాయలు. అదే ఏడాది ఖాదీ గుడ్డ మీద అచ్చు వేసిన గాంధీ బిళ్ళ ముఖ విలువ 100 రూపాయలు. ఉత్తరం మీద ఊరూరా తిరిగిన వస్తువు అద్దాల బీరువాలోకి చేరుతోంది. చింపిన కవరు నుంచి ఉచితంగా దొరికినంత కాలం అది పేదవాడి పాఠ్యపుస్తకం. కొంటే తప్ప దొరకనినాడు అది కలిగినవాడి ఆభరణం మాత్రమే.

ప్రభుత్వానికి ఈ సంగతి బొత్తిగా తెలియదనలేం. 2017లో ప్రారంభమైన దీన్‌దయాళ్ స్పర్శ్ పథకం కింద 6 నుంచి 9వ తరగతి దాకా చదివే 920 మంది విద్యార్థులకు స్టాంపుల సేకరణ కోసం ఏటా 6,000 రూపాయల ఉపకార వేతనం ఇస్తున్నారు. అభ్యర్థి చదివే పాఠశాలలో ఫిలాటెలీ క్లబ్బు ఉండాలి, లేదా అతని పేరున ఫిలాటెలీ డిపాజిట్ ఖాతా ఉండాలి. ఖాతాకు కనీసం 200 రూపాయలు. నగరపు ప్రైవేటు బడికి ఈ షరతు లెక్కలోనిది కాదు. ఫిలాటెలీ బ్యూరోలుండేది నగరాలలోని పెద్ద తపాలా కార్యాలయాలలోనే కనుక సరిహద్దు ఆశ్రమ పాఠశాల పిల్లవాడికి ఆ 200 కంటే ముందు ఆ దారే దూరం.

కాబట్టి అడగవలసినది పెద్ద కోరిక కాదు. సుక్మా, భద్రాద్రి, అల్లూరి జిల్లాల ఆశ్రమ పాఠశాలలలో ఒక్కొక్క క్లబ్బు, ఆ పిల్లల పేరున ప్రభుత్వమే కట్టే ఒక్కొక్క ఖాతా. కార్యాలయాలకు వచ్చే కవర్ల బిళ్ళలను చెత్తబుట్టలో వేయకుండా ఆ బడులకు పంపే ఏర్పాటు. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, కొత్త శాఖ అక్కరలేదు. క్యాంపు, చెక్‌పోస్టు రూపంలోనే రాజ్యాన్ని ఎరిగిన పిల్లల చేతికి, ఆ రాజ్యమే తొంభై ఏళ్ళుగా తన గురించి తాను చెప్పుకున్న మాటలను తక్కెడలో వేసి తూచుకునే సాధనం దొరుకుతుంది. అణా బిళ్ళ మీది భవనం మాట రెండణాల బిళ్ళ మీది భవనం ముందు ఎందుకు చెల్లలేదో, దండామి మరియా బొమ్మకు రూపాయి ధర ఎవరు కట్టారో, వారే అడుగుతారు.